కప్పు లేని అంతస్తు

నా పెద్దకూతురికి మీ అమ్మ దీవించి రాయించే ఉత్తరం. నువ్వూ పిల్లలూ అక్కడ చల్లగా ఉండాలి. ఇక్కడ మేమంతా క్షేమం. ఇదివరకు ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట గుక్క తిప్పుకోకుండా చెప్పేసేదాన్ని. ఈసారి లేచి వెళ్ళి, వెనక కిటికీలోంచి గోడ వైపు చూసి వచ్చి చెబుతున్నాను. ఇప్పటివరకైతే క్షేమమే.

చేతిరాత మారిందేమిటని కంగారుపడకు. ఎప్పుడూ రాసిపెట్టే మందుల షాపాయన బాగానే ఉన్నాడు. ఈ ఉత్తరం మాత్రం కింది వరసలో ఉండే కుట్టుమిషను అమ్మాయి చేత రాయిస్తున్నాను. ఆమె చేతే ఎందుకో తర్వాత చెబుతాను. వాళ్ళాయన మేడ కట్టే పనిలో పరంజీ మీది నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు, మంచం దిగలేడు. పాపం, చేతిలో పని పక్కన పెట్టి వచ్చింది. కాగితానికి దారప్పోగులు అంటుకుని ఉంటే తప్పుపట్టకు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. మిగతావాళ్ళంతా ఇంకా వింటున్నారు. దుప్పటి అందింది, వెచ్చగా ఉంది. వాన ఎలా ఉందని అడిగావు. పడుతూనే ఉంది. మధ్యలో ఆగినా, ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టే ఆగుతోంది.

ఇక నీ జీతం సంగతి. రేవులో కింద బస్తాల లెక్క చూసుకున్నన్నాళ్ళూ పన్ను కొంచెమే కోసేవాళ్ళనీ, క్రేను నడిపే పని ఇచ్చాక కోత కూడా నీతోపాటు మెట్లెక్కి పైకి వచ్చిందనీ రాశావు. ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళని ఎక్కువ కొయ్యడం ఏం న్యాయం అమ్మా అని అడిగావు. మీ అమ్మకి అక్షరం రాదు కానీ న్యాయం అన్న మాట వింటే నోరు ఊరుకోదు. సరిగ్గా ఇదే తగువు మన వీధిలోనూ నడిచింది, విను.

మన వరస ఇళ్ళ వెనక రాతిగోడ ఉందిగా. మన పెరటి మట్టి జారి కింది వరస కప్పుల మీద పడకుండా ఆపేది అదొక్కటే. అది పాతబడింది, బాగుచెయ్యాలని ఎండాకాలంలోనే వీధివాళ్ళమంతా బట్టల కొట్టులో కూర్చున్నాం. ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలన్నది తగువు. నేను లేచి, ఒక అంతస్తు ఇంటికి ఒక వాటా, రెండంతస్తులకి మూడు, మూడంతస్తులకి ఆరు అన్నాను.

బట్టల కొట్టాయనది మూడంతస్తుల మేడ. పైగా వీధికి అటువైపు. నిన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగినవాడే, ఇప్పుడు తన పొట్ట తానే ఎత్తుకు తిరుగుతున్నాడు. "పిన్నీ, రెండుకి రెండు, మూడుకి మూడు అంటే లెక్క. మూడుకి ఆరు అంటే అది లెక్క కాదు, కక్ష. లావుగా ఉన్నవాళ్ళకి గుడ్డ ఎక్కువ పడుతుంది, ఇస్తాను. అలాగని వాళ్ళకి మీటరు ధర కూడా పెంచనా?" అన్నాడు.

"పెంచొద్దు అబ్బాయ్, పెంచితే ముందు నీ చొక్కాకే నష్టం" అన్నాను. అందరూ నవ్వారు. అప్పుడు చెప్పాను. మొదటి అంతస్తు తల దాచుకోవడానికి. రెండోది కాళ్ళు చాపుకోవడానికి. మూడోది చుట్టాలకి చూపించుకోవడానికి. తల దగ్గర గీసుకున్నా ప్రాణం పోతుంది. చూపించుకునే చోట చారెడు కోసినా చుక్క రక్తం రాదు.

"నా ఇంటి వెనక గోడే లేదు కదా, నాకెందుకు కోత?" అన్నాడు.

"గోడ పడితే ఈ వీధి పోతుంది. వీధి పోయాక నీ కొట్టుకి గద్దల మీద ఎక్కి వస్తారా జనం?" అన్నాను.

ఆయనా తక్కువవాడు కాదు. లేచి నిలబడి ఒక మాట అన్నాడు. "సరే పిన్నీ, ఆరే ఇస్తాను. కానీ నా మాట గుర్తుపెట్టుకో. మెట్టుమెట్టుకీ ఇలా పెంచితే జనం మెట్లెక్కడం మానరు. ఎక్కి, ఎక్కలేదని చెప్పడం నేర్చుకుంటారు."

నేను చెయ్యి విదిలించేశాను. అందరూ ఒప్పుకున్నారు. ఈ రాస్తున్న అమ్మాయి కూడా చెయ్యి ఎత్తింది. అప్పుడే నేను ఇంకో ముక్క కలిపించాను. కప్పు పడ్డదే అంతస్తు, కప్పు లేనిది అంతస్తు కాదు అని. ఎవరూ కాదనలేదు. కప్పు లేనిది ఇల్లెలా అవుతుంది అనుకున్నారు. నిజమే కదా.

ఇప్పుడు నీకు అసలైన జవాబు ఇవ్వాలి. నువ్వు పంపిన డబ్బుతో కడుతున్న పైగదికి కప్పు పడిందా, కిటికీ ఎటు పెట్టించావు అని మూడు ఉత్తరాలుగా అడుగుతున్నావు. మేస్త్రీకి ఒంట్లో బాగాలేదని రాయించాను. మేస్త్రీ గుండ్రాయిలా ఉన్నాడు. పంపేసింది నేను.

అమ్మాయీ, రాస్తున్న అమ్మాయీ, ఆగకు. ఇక్కణ్ణుంచి నేనేం చెప్పినా రాయాలి. మధ్యలో ఆపితే నాకు మళ్ళీ నోరు పెగలదు.

నాలుగు గోడలూ లేచాక మేస్త్రీ కప్పు వేస్తానన్నాడు. వేస్తే మనది రెండంతస్తులవుతుంది, మూడు వాటాలు పడతాయి. నువ్వు క్రేను మీద ఎండకెండి పంపిన దాంట్లోంచి మూడు వాటాలా అని నా కడుపు రగిలింది. వీధికి చెప్పిన న్యాయం నా గడప దగ్గరికొచ్చేసరికి చెప్పులు బయట వదిలి లోపలికి రాకుండా నిలబడింది. వీధి లెక్కలు తేలేదాకా కప్పు వద్దన్నాను. మేస్త్రీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "వానలొస్తే పైన చెరువవుతుందమ్మా. మూలన చిల్లు పెట్టాలి. నీళ్ళు వీధి వైపు వదలమంటారా, వెనక్కా?" అన్నాడు. వీధి వైపు వదిలితే అందరి కళ్ళూ పైకి లేస్తాయి. వెనక్కి వదిలెయ్ అన్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు.

గోడ పని మొదలు కాకముందే వానలు పట్టుకున్నాయి. అప్పటి నుంచి ఆ నీళ్ళన్నీ తిన్నగా గోడ వెనక మట్టిలోకే దిగుతున్నాయి. గోడకి కడుపొచ్చింది తల్లీ. నెలలు నిండినదానిలా ముందుకి వంగింది. పెరట్లో చెంబు బోర్లిస్తే దానంతటదే గోడ వైపు దొర్లుతోంది. గోడకి చెవి ఆనిస్తే లోపల ఎవరో పళ్ళు నూరుతున్నట్టు చప్పుడు. చిల్లు మూయిద్దామంటే పైన నీళ్ళు నిలిచి ఇల్లే కూలేలా ఉంది. మొన్న ఈ అమ్మాయి గుమ్మంలో నిలబడి, "మా తలుపు భుజం పెడితే గానీ పడటం లేదు పెద్దమ్మా, వానకి చెక్క ఉబ్బింది" అని నవ్వింది. నేనూ నవ్వాను. చెక్క ఉబ్బలేదు. గోడ వచ్చి ద్వారబంధాన్ని తోస్తోంది.

గోడకి సరిగ్గా కింద ఉన్నది వీళ్ళ ఇల్లే. అందుకే ఈమె చేత రాయిస్తున్నాను. మొహం చూసి చెప్పాలని రెండుసార్లు వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, సూది అడిగి తెచ్చుకున్నాను. నీకు చెబుతున్నట్టు చెబితే ఈమెకీ చెప్పినట్టవుతుందని పిలిచాను. ఎంత పిరికిదాన్నో చూడు, వీధి మొత్తాన్ని నోటితో నిలబెట్టే మీ అమ్మ.

ఇక్కడ కలం ఆగిపోయింది. ఉత్తరం మిగతాది బట్టల కొట్టులో కూర్చుని రాయిస్తున్నాను. మధ్యలో జరిగింది చెబుతాను.

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "కప్పు వేస్తే మీకు ఎక్కువ పడేది ఎన్ని వాటాలు పెద్దమ్మా?" అని అడిగింది. "రెండు" అన్నాను. "రెండుకా" అంది. అంతే. చెప్పుల్లేకుండా వానలో దిగిపోయింది.

నేను ఈ మోకాళ్ళతోనే వీధి దాటి బట్టల కొట్టులో పడ్డాను. ఉన్నమాట చెప్పేశాను. నేనన్నాను కదా పిన్నీ అంటాడేమోనని మెడ వంచుకుని నిలబడ్డాను. ఆ మాట అనలేదు. మీటరు కర్ర అవతల పడేసి పరుగెత్తాడు. ఆ పొట్టతో ఆయన పరుగెత్తడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ అమ్మాయి వాళ్ళాయన్ని మంచంతో సహా ఈయనొక పక్కా మందుల షాపాయనొక పక్కా పట్టుకుని మన వీధిలోకి ఎక్కించారు. దారి మలుపు దగ్గర బట్టల కొట్టాయన ఊపిరాడక ఆగి, "పిన్నీ, మూడంతస్తులవాడికి మోత కూడా ఆరు వంతులేనా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. కింది వరసలో మిగతావాళ్ళనీ కదిలించారు. నన్ను మళ్ళీ మనింట్లోకి వెళ్ళనివ్వలేదు.

చుట్టాలకి చూపించుకోవడానికి అన్నానే, ఆ మూడో అంతస్తులో ఇప్పుడు తుంటి విరిగినాయన పడుకుని ఉన్నాడు. రెండో అంతస్తు నిండా పిల్లలు. నేను కింద బట్టల బేళ్ళ మధ్య కూర్చున్నాను.

మేస్త్రీకి కబురు వెళ్ళింది. వచ్చి, నీళ్ళని గొట్టంతో వీధి వైపు తిప్పుతానన్నాడు. గోడ సంగతి అడిగితే నా మొహం చూడకుండా తల గోక్కున్నాడు. నిలబడుతుందో లేదో నాకు తెలియదు తల్లీ. బయట ఏది దబ్బుమన్నా అందరి మాటలూ ఆగిపోతున్నాయి. ఇందాక ఎవరో తలుపు వేస్తే నా గుండె జారి ఎక్కడ పడిందో ఇంకా వెతుక్కుంటున్నాను.

కుట్టుమిషను అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. అడక్కుండానే వచ్చి కాగితం తీసుకుని కూర్చుంది. మాట్లాడదు, రాస్తుంది. వాళ్ళ మిషను ఇంకా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. తేవడానికి ఎవరినీ వెళ్ళనివ్వడం లేదు. దానికి నేనేం చెప్పను?

నీ ప్రశ్నకి నా జవాబు మారలేదు. ఎక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ పెట్టుకోవడమే న్యాయం. కానీ బట్టల కొట్టాయన మాటా అబద్ధం కాదు, దానికి సాక్ష్యం నేనే. కోత నొప్పిగా ఉంటే మీ అమ్మలాగా గట్టిగా అరిచెయ్. దాచకు. దాచినది ఎక్కడికీ పోదు, ఎవరి నెత్తి మీదో దిగుతుంది.

ఇంక పై గదికి డబ్బు పంపకు. ఆ గది సంగతి గోడ చెప్పాక చూద్దాం. ఇప్పుడు ఈ ఉత్తరం మొత్తం పైకి చదవమని ఆ అమ్మాయికి చెప్పాను, ఇక్కడున్న వాళ్ళంతా వినేలాగా. ఆమె తలెత్తి మొదటిసారి నా వైపు చూసింది. "సంతకం దగ్గర ఏమని రాయను?" అంది. నాతో అన్న మాట అదొక్కటే. ఇలా రాయమన్నాను, వేలిముద్ర వేశాను.

ఇట్లు,
రెండంతస్తుల ఇంటి మనిషి, మూడు వాటాలు పడవలసినది,
మీ అమ్మ.