బ్రేకుకు రాసిన నూనె

సోమవారం, రాత్రి

తలుపు కిర్రుమన్నా, గొడుగు బిగుసుకున్నా నేను కాస్త వలిసె నూనె రాస్తాను. పొద్దున్న అబ్బాయి బండి బ్రేకు కీచుమంటోందని, చక్రానికున్న గుండ్రటి రేకుకు కూడా కోడి ఈకతో రాశాను. చప్పుడు పోతుందని సంబరపడ్డాను. ఘాటీ మలుపులో బ్రేకు పట్టక, వాడూ కోడలూ బండితో సహా కాఫీ తోటలోకి దూసుకుపోయారట. ఇద్దరికీ మోచేతులు చీరుకుపోయాయి. పక్కన లోయే ఉండుంటే... అమ్మో.

"మొన్న బండి సర్వీసింగుకిత్తే ఆ మెకానిక్‌గాడే ఏదో సేసేడు. రేపొద్దున్నే ఎల్లి ఆడి సంగతి సూత్తాను," అన్నాడు అబ్బాయి.

"మళ్ళీ ఆ బండెక్కే ఎల్తావేటి? బుద్ధుందా నీకు?" అంది కోడలు.

"గేర్లో మెల్లగా దిగుతాన్లేవే."

బ్రేకు ముక్కలు ఆ రేకును గట్టిగా రుద్దుకుంటేనే చక్రం ఆగుతుందని వాడు కోడలికి చెబుతుంటే అప్పుడు తెలిసింది నాకు. మధ్యలో నూనె ఉంటే జారిపోదూ మరి! నేనే రాశానని చెప్పకుండా నా గదిలోకి వచ్చేశాను. పాపం, ఆ మెకానిక్ ఏం చేశాడు?

తెల్లారితే వాడు మళ్ళీ ఆ ఘాటీయే దిగుతాడు. తిడితే తిట్టనీ. ఇప్పుడే లేపుతాను.