మూటలోని పెళ్లిచీర

కోడుమూరు, 1934

వేంపల్లెలోని కాశన్న మామకు మేనల్లుడి నమస్కారాలు.

ఇక్కడ క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. చీర అంచులో పూలు లేపడానికి మీరు చేసిచ్చిన చెక్కను తానే కనిపెట్టానని మద్రాసు షావుకారు ఒకడు పేటెంటు పుచ్చుకుని, మా వీధి మగ్గాలన్నిటి మీదా కేసు వేశాడు. అందరి తరఫునా నేనే మద్రాసు కోర్టుకు తిరిగాను. అమ్మ పెళ్లికి మీరు ఆ చెక్కతోనే నేసిన చీరను సాక్ష్యంగా మూటలో పట్టుకుపోయాను. మూడుసార్లు పోతే మూడుసార్లూ వాయిదా వేశారు. మూట విప్పమని ఎవరూ అడగలేదు. ఇక్కడ నా మగ్గం ఆగిపోయింది.

నాలుగోసారి షావుకారు గుమాస్తా, మన కర్నూలు మనిషే, పక్కకు పిలిచాడు. "ఎన్నాళ్లు తిరుగుతావప్పా? మా షావుకారు చెక్కను చూసే చేసుకుంటిమని సంతకం పెట్టు. నీ మగ్గం జోలికి రాము" అన్నాడు. పెట్టాను. చదవకుండా పెట్టలేదు మామా, రెండుసార్లు చదివే పెట్టాను.

ఇంటికొస్తే అమ్మ, "చీర చూపిస్తివా?" అంది. "చూపిస్తి" అన్నాను.

ఆ కాగితం చూపించి మిగతా మగ్గాల చెక్కలన్నీ ఊడదీయించారు. ఇప్పుడు వీధిలో పూల అంచు నేసేది నేనొక్కడినే. మీ దగ్గరికీ ఆ కాగితంతోనే వస్తారు. మీరు సంతకం పెట్టకండి. అమ్మకు చెప్పకుండా చీర తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

పేటెంటు ఇచ్చేముందు మగ్గాలున్న వీధుల్లో విచారించాలనీ, ఇట్లాంటి కేసులు మా జిల్లాలోనే నడపాలనీ సర్కారుకు అర్జీ రాశాను. దాన్నీ ఇందులో పెట్టాను. మొదటి సంతకం మీరు చేయండి. నా పేరు కనిపిస్తే మా వీధిలో ఎవరూ దాని కింద సంతకం పెట్టరు.