చలికాలంలో బెంగుళూరు

బెంగుళూరు, 18-12-78

తమ్ముడు హుసేనప్పకు, అమ్మ ప్రాణానికి భయమేమీ లేదు. ఆయాసమే తగ్గలేదు.

ఈ చలికి నాలుగు రోజులు వెచ్చని ఊళ్లో ఉంచమని డాక్టరు చెబితే నువ్వు చీరాల సముద్రపు ఒడ్డు అన్నావు. నేను విన్నానా? వేసవిలో చీరలు అమ్మడానికి వచ్చినప్పుడు హాయిగా ఉందని ఇక్కడికే తెచ్చాను. మన ఎండలకు మాడినవాడికి చల్లని ఊరే మంచి ఊరనిపించింది. ఇక్కడ పొద్దెక్కినా మంచు విడవదు. "ఈ ఊర్లో ఎండ యాడ దాసిపెట్టినారప్పా?" అని అమ్మ అడిగితే నా దుప్పటి కూడా ఆమెకే కప్పాను.

శుక్రవారం ఎమ్మిగనూరు బస్సుకు వస్తాం. నులక మంచం వాకిట్లో ఎండ పడేచోట వెయ్యి. మగ్గం మీది చీర దిగిందా? మరదలికి, పిల్లలకు దీవెనలు.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. సత్రంలో అడిగినవాళ్లకంతా "నా కొడుకు మంచి ఊరు సూపించినాడు" అని దగ్గుతూనే చెబుతోంది.

నీ అన్న,
ఈరన్న