ఆత్మకూరులో చూసిన కారు

ఉదయగిరి, 1953 వైశాఖం. ఆదివారం రాత్రి.

ఆత్మకూరు పోయి చెంచురామయ్య కారు చూసొచ్చినాను. ఇద్దరు కూర్చునే ఎర్ర రేసుకారు. మేమిద్దరం మద్రాసులో కలిసి చదివేటప్పుడు, దేశం వదిలిపోతావున్న దొర దగ్గర మోజుపడి కొన్నాడు. ఇప్పుడెందుకు అమ్ముతుండాడో మొదట చెప్పలేదు.

టైర్లు చూసినాను. కిందికి దూరి చూసినాను, తుప్పు లేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పెన్న దాకా నేనే నడిపినాను. ఇంజను ఒక్కసారి కూడా తడబడలేదు. తిరిగొచ్చి బానెట్ ఎత్తినాక, వాడు వంగి ఏదో చూపిస్తా ఎడమచెయ్యి ఇంజను పక్కనుండే పొగగొట్టం మీద ఆనించినాడు. అప్పుడే ఆపిన బండి. వాడు మాట్లాడతానే ఉన్నాడు. చర్మం కాలిన వాసన నాకొచ్చింది.

"రేయ్, చెయ్యి తియ్‌రా!" అని అరిచినాను.

తీసి, ఎవరి చెయ్యో చూసినట్టు చూసుకున్నాడు. అరచెయ్యంతా బొబ్బలు. మొహంలో నొప్పి లేదు.

"కాలు కూడా అంతేరా. క్లచ్ తొక్కినా తెలీడంలేదు, అందుకే అమ్మేది. పెద్దరోగం, కుష్టు అని డాక్టరు చెప్పినాడు. మా ఇంట్లో తెలీదు, నువ్వు చెప్పబాక."

కట్టు కడదామని ముందుకు పోయినాను. వాడు వెనక్కి జరిగినాడు.

"వద్దురా. నీకు పిల్లకాయలుండారు."

ఆగిపోయినాను. వాడు వద్దన్నాడనా, భయమేసిందా, ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉండాను. కారు కొంటాననీ కొనననీ చెప్పకుండా బస్సెక్కేసినాను.

ఇంటికొచ్చి బావి దగ్గర చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటావుంటే మా ఇంటామె వచ్చింది.

"కారు బాగుండాదా?"

"బాగుండాది."

"మీ స్నేహితుడు?"

చేతులింకా తుడుచుకోలేదు. వాడూ బాగుండాడన్నాను.