రాజా మెడకు గొలుసు

కృపా,

రాజాను పెరట్లో జామచెట్టుకు గొలుసేసి కట్టినా. నువ్వు బడి నుంచి రాగానే ఇప్పేవు, ఇప్పొద్దు. సంగటి దూరం నుంచే తోసిపెట్టు. నీళ్ళు తాగతాందో లేదో గమనించు.

పొద్దున పార్కులో అది నాంచారమ్మ అనే ముసలామె పిక్క కరిచింది. ఎప్పట్లాగే నేను గొలుసు లేకుండా ఇడిచిపెట్టినా. "అది ఏమీ చెయ్యదు" అని మన వీధిలో అందరికీ చెప్పేది నేనే కదా. జనం కట్టెలు ఎత్తుకోని "ఎవురిదప్పా ఈ కుక్క?" అని నన్నే అడిగిరి. తెలీదని అంటి. రక్తం కారతాన్నా ఆయమ్మే అడ్డం పడి, "దిక్కులేని కుక్క, పాపం, కొట్టకండి" అనింది. అది తోకాడించుకుంటా నా ఎనకాలే ఇంటికొచ్చింది.

కాంపౌండరు యేసుదానాన్ని అడిగినా. ఎవురి కుక్కో తెలీకపోతే ఆయమ్మకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులూ తప్పవంట. కుక్క మన కండ్ల ముందర పది దినాలు బాగుంటే, మిగిలినవి ఆపొచ్చంట. అందుకే నిజం చెప్పేదానికి, ఆయమ్మను చేర్చిన పెద్దాసుపత్రికి పోతాండా. ఆ ముసలామె మొగం ఎట్ల చూసేదో తెలీడంలే.

నువ్వు తెచ్చిన గొలుసు ఏడాదిగా మేకుకే యాలాడతాండె. నువ్వు చెప్పినప్పుడల్లా నవ్వితి.

ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు నాది. ఇంకెవురినన్నా పెట్టుకోమని అయ్యగారికి చెప్పు.

హనోకు

మళ్ళా ఒక మాట. నేను లేనప్పుడు ఎవురన్నా వచ్చి కుక్క ఎవురిదని అడిగితే, మాదే అని చెప్పు. అంతమందిలో నాకు ఆ ఒక్క మాట నోరు రాలే.