పెప్పీనా డిప్పకి పట్టిన నూనె

బోసా, సార్డీనియా
అక్టోబరు, 1963

చిరంజీవి ఒట్టావియాకి బొనారియా దీవించి రాయునది.

మా ఎఫీసియో ఓడెక్కబోతూ తురీనోలో దిగి, తాబేలునీ నూనె డబ్బానీ నీకు అప్పజెప్పి వెళ్ళానని రాశాడు. అంతకుమించి ఒక్క ముక్క లేదు. ఓడలో అంతమందికి వండి పెడతాడు, కన్నతల్లికి కార్డు ముక్క నింపలేడు. అందుకని నేనే రాస్తున్నాను.

దాని పేరు పెప్పీనా. అది మా అత్తగారి పేరు. ఆవిడ పోయాక పెట్టాను, ఆ చూపు అచ్చం ఆవిడదే. దాన్ని ఆవిడకి వాళ్ళత్తగారు ఇచ్చింది, నాకు ఆవిడ ఇచ్చింది. పెళ్ళికి ముందు ఒక చలికాలం అది కాబోయే కోడలి దగ్గర ఉండటం మా ఇంటి ఆనవాయితీ. దాని డిప్ప మాత్రం జాగ్రత్త తల్లీ. డిప్ప బాగుంటే అన్నీ బాగున్నట్టే. నూనె మన సొంత ఆలివ్ చెట్లది. మొహమాటపడకుండా వాడుకో, అయిపోతే ఇంకోటి పంపుతాను.

దేవమాత నిన్ను చల్లగా చూడాలి.
నీ కాబోయే అత్త,
బొనారియా

తా.క. అది కరిస్తే కంగారుపడకు, ఇష్టపడిందన్నమాట. మా అత్తగారి విషయంలో కూడా నేను అలాగే సర్దుకున్నాను.


తురీనో
నవంబరు

పూజ్యులైన అత్తగారికి ఒట్టావియా నమస్కారాలు.

పెప్పీనా గారు క్షేమం. మా అమ్మా నేనూ ఉండేది మూడో అంతస్తులో. వంటగదిలో పొయ్యి పక్కన బుట్టలో ముఖమల్ దిండు వేసి, ఆవిడని దాని మీద కూర్చోబెట్టాం. నేను టోపీల కొట్లో పని చేస్తాను కదా, మిగిలిన ఉన్నితో చిన్న శాలువా కూడా అల్లాను. ఈ మధ్య సరిగ్గా తినటం లేదు. ఎప్పుడు చూసినా కునుకుపాట్లే. పాలల్లో నానబెట్టిన రొట్టె పెడుతున్నాం, అదీ ముట్టటం లేదు.

నూనె సంగతి. మూత తీయగానే ఆ ఆకుపచ్చ రంగూ ఆ ఘాటూ చూసి మా అమ్మ బెదిరిపోయింది. మా ఇంట్లో వెన్న తప్ప వేరేది ఎరగం. కానీ మీరు చెప్పారు కాబట్టి గోరువెచ్చగా చేసి ఆదివారం, గురువారం తప్పకుండా వాడుతున్నాం. ఫలితం వెంటనే కనిపించింది. ఎంత నిగనిగలాడుతోందో అని పక్కింటావిడ దిష్టి కూడా పెట్టింది. డబ్బా అయిపోవచ్చింది.

మీ విధేయురాలు,
ఒట్టావియా

తా.క. మా అమ్మ పెప్పీనా గారి ముందు కాఫీ తాగటానికి మొహమాటపడుతోంది. తల విదిలిస్తున్నట్టు అనిపిస్తుందట.


బోసా
నవంబరు

చిరంజీవి ఒట్టావియాకి దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకుని వీధంతా తిరిగాను. తురీనో పిల్ల, వెన్నలో పుట్టి వెన్నలో పెరిగిన పిల్ల, మన నూనె డబ్బా ఖాళీ చేసిందంటే ఎవరూ నమ్మలేదు. నిగారింపు రాకేం చేస్తుంది! మా వైపు ఆడవాళ్ళ ఒళ్ళు చూడు. ఇంకో డబ్బా ఈ ఓడకే పంపుతున్నాను, ఇది ఇంకా పెద్దది.

అన్నట్టు, పెప్పీనాని ఇంకా పైనే ఉంచావా? ఆ కునుకుపాట్లు రోగం కాదు, కాలం వచ్చింది. పాలూ రొట్టే ఆపెయ్. కడుపు ఖాళీ అయ్యాక చెక్కపెట్టెలో మట్టీ గడ్డీ పోసి, అందులో పెట్టి, నేలమాళిగలో దించెయ్. వసంతం దాకా తిండి పెట్టకు, పలకరించకు.

ప్రేమతో,
బొనారియా

తా.క. శాలువా విప్పెయ్. మా అత్తగారికి కూడా శాలువా పడేది కాదు.


తురీనో
డిసెంబరు

శ్రీమతి బొనారియా గారికి.

మీ ఉత్తరం చదివి మా అమ్మ కుర్చీలో కూలబడింది. ముసలి ప్రాణాన్ని మట్టిపెట్టెలో పెట్టి, తిండి మానిపించి, చీకటి నేలమాళిగలో చలికాలమంతా వదిలెయ్యాలా? అదీ మీ అత్తగారి పేరు పెట్టుకుని మరీ? మీకూ ఆవిడకీ పడలేదని మీ రాతల్లోనే తెలుస్తోంది. ఉంటే ఉండనీయండి, ఆ కసి నోరులేని జీవం మీద తీర్చుకుంటారా?

నేను మర్యాదస్తుల ఇంట్లో పెరిగినదాన్ని, పెద్దలకి ఎదురు చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. రేపు నేను మీ ఇంటికి వస్తే, నాకు కేటాయించిన నేలమాళిగ ఎక్కడుందో ముందే చెప్పండి.

ఇట్లు,
ఒట్టావియా

తా.క. రెండో డబ్బా కూడా సగానికి వచ్చింది. డిప్పంతా రాశాక, తలకి రాయబోతే లోపలికి లాగేసుకుంటోంది. బలవంతంగా రాయమంటారా? పైగా ఈ మధ్య డిప్ప మీద దుమ్మంతా పేరుకుని, పలకల సందుల్లో నల్లబడి, ఒకలాంటి వాసన వస్తోంది. నూనె పాతదేమో.


బోసా
డిసెంబరు

ఒట్టావియా,

తా.క. దాకా చదివి ఉత్తరం పక్కన పెట్టేసి, ఒక గ్లాసు వైన్ తాగి, మళ్ళీ చదివాను.

అమ్మాయీ, ఆ నూనె నీకు. రొట్టె మీద వేసుకోవటానికి, కూరలో పోసుకోవటానికి. మీ ఊళ్ళో మనుషులకి నోరు లేదూ? నేను వీధంతా చాటిన నిగనిగ తాబేలుదా?

ఇప్పుడు చెప్పింది విను. డిప్ప మన గోరులాంటిదే గానీ కింద ప్రాణం ఉంది. నూనె పట్టిస్తే మురికి పట్టుకుంటుంది, కింద తడి మాగి కుళ్ళు పుడుతుంది. గోరువెచ్చని నీళ్ళతో, మెత్తటి గుడ్డతో కడుగు. సబ్బు వద్దు, గీరొద్దు. బాగా ఆరనివ్వు. ఎండ వచ్చే కిటికీ దగ్గర, అద్దం తలుపు తీసి పెట్టు, అద్దంలోంచి వచ్చే ఎండ దానికి పనికిరాదు. సముద్రపు ఒడ్డున ఏరిన, సుద్దలాంటి తెల్లటి చేప ఎముక పంపుతున్నాను, కొరుక్కుంటుంది, డిప్ప గట్టిపడుతుంది. సందులు శుభ్రపడ్డాకే పెట్టె. నేలమాళిగ శిక్ష కాదే పిచ్చిపిల్లా, దానికి అదే నిద్ర. మీ పొయ్యి పక్కన అది నిద్రా కాక మెలకువా కాక అరిగిపోతోంది.

అందరు కోడళ్ళలో ఇంత చేతకానిదాన్ని చూడలేదు. ఇంత శ్రద్ధ ఉన్నదాన్ని కూడా చూడలేదనుకో.

బొనారియా

తా.క. వసంతంలో పెప్పీనా గట్టి డిప్పతో లేస్తేనే పెళ్ళికి ముహూర్తం. డిప్ప మెత్తబడితే సంబంధం లేదు. ఇది మా ఇంట్లో తాతలనాటి పరీక్ష. ఎఫీసియో చెప్పలేదా?


తురీనో
ఏప్రిల్

అత్తయ్యకి ఒట్టావియా ముద్దులు.

మీ అబ్బాయి నాకేమీ చెప్పలేదు. పరీక్షని తెలియకుండా పరీక్ష రాశాను.

మీరు చెప్పినట్టే అంతా చేశాను. నల్ల సందులు తేరుకోవటానికి చాలా రోజులు పట్టింది. తర్వాత పెట్టెలో పడుకోబెట్టాను. ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా నేలమాళిగకి దిగి, మూత మీద చెవి పెట్టి వినేదాన్ని. ఏమీ వినపడేది కాదు. చచ్చిపోయిందేమో, నేనే చంపానేమో అని మెట్ల మీద కూర్చుని ఏడ్చిన రోజులున్నాయి. పెళ్ళి కోసం కాదు అత్తయ్యా, దాని కోసమే. మార్చి నెలాఖరుకి గీకుతున్న చప్పుడు. లేచింది. గోటితో కొడితే డిప్ప ఖణేల్‌మంది. నా వేలు కరిచింది కూడా.

సరిగ్గా అప్పుడే మీ అబ్బాయి సెలవు మీద దిగారు. మేము మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి, పెప్పీనాని ఆయనకి అప్పజెప్పాం. బాల్కనీలో ఎండ, చేదు ఆకులు, గిన్నెలో నీళ్ళు, అంతే చెప్పాను. తిరిగొచ్చి చూస్తే డిప్ప అద్దంలా ఉంది. వార్నిష్. ఓడకి వేసేది, రెండు పూతలు. పైన తెల్లరంగుతో ఓడ పేరు. వసంతం రాగానే ఓడలో అన్నిటికీ వేస్తారట, మీరు చూసి మురిసిపోతారనుకున్నారట. పశువుల డాక్టరు ఆ వార్నిష్‌ని రేణువు రేణువుగా తీశాడు. పెప్పీనా క్షేమం. నా కోపం ఇంకా తగ్గలేదు.

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నాను. నేను నెగ్గాను గానీ, ముహూర్తం వద్దు. వచ్చే చలికాలం పెప్పీనా మీ అబ్బాయి దగ్గర ఉంటుంది. ఓడ వదిలి జెనోవాలో హోటల్లో చేరుతున్నారు. నేను రైల్లో వెళ్ళి చూసొస్తుంటాను, చెయ్యి వెయ్యను. డిప్ప నిలిస్తే పెళ్ళి, లేకపోతే లేదు. మీకు కోపం వస్తే నేనేం చెయ్యలేను.

మీ
ఒట్టావియా

తా.క. మిగిలిన నూనె రొట్టె మీద, కాస్త ఉప్పు వేసుకుని తిన్నాం. ఇన్నాళ్ళూ వెన్నతో బతుకంతా వృథా చేసుకున్నానని మా అమ్మ ఒకటే గోల.


బోసా
ఏప్రిల్

నా తల్లి ఒట్టావియాకి,

నీ ఉత్తరం మొదటిసారి కోపంతో చదివాను. రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

మా అత్తగారికి వాళ్ళత్తగారు పరీక్ష పెట్టింది. నాకు మా అత్తగారు పెట్టింది. నీకు నేను పెట్టాను. ఇంతమందిమి ఆడవాళ్ళం, ఆ తాబేలుని తీసుకెళ్ళి పెళ్ళికొడుకు ఒళ్ళో పెడదామని ఒక్కదానికి కూడా తట్టలేదు. తట్టి ఉంటే, చనిపోయిన మా ఆయన ఆ పరీక్షలో క్రిస్మసు దాకా కూడా నిలిచేవాడు కాదు. ఇది రాస్తూ చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత కాసేపు నవ్వు రాలేదు.

పరీక్ష పెట్టు. తప్పితే మళ్ళీ పెట్టు. పెప్పీనాకి తొందరేమీ లేదు. ఎఫీసియోకి కూడా ఇదే రాశాను, ఈసారి వాడు నాలుగు పేజీల జవాబు రాశాడు.

నీ అత్త. వాడు తప్పినా సరే.
బొనారియా

తా.క. వేసవికి మీరిద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి. ఇద్దరూ అంటే, నువ్వూ పెప్పీనా.