ఈ సాయంత్రంలోగా చెప్పాల్సిన కాలేజీ

బుల్లీ, నేనూ మీ అమ్మా కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. నాకు కళ్లు మసకగా ఉన్నాయని నేను చెబుతుంటే మీ అమ్మ రాస్తోంది. అన్నం మూతపెట్టి ఉంది, తిను. వంటింటి కిటికీ వేసెయ్, పిల్లి దూరుతుంది.

ఇక నీ సంగతి. ఏ కాలేజీలో చేరతావో ఈ సాయంత్రంలోగా ఫోన్ చేసి చెప్పాలట కదా. మీ నాన్న మొత్తం స్కాలర్‌షిప్పు ఇచ్చే కాలేజీనే పట్టుకు కూర్చున్నాడు. అక్కడ ఉన్నది అకౌంట్ల చదువొక్కటే. "బుల్లికి కూడికలంటేనే జ్వరమొస్తుందిరా" అని నేనంటే, "పైసా ఖర్చులేని జ్వరమే కదా నాన్నా" అన్నాడు. మీ అమ్మకేమో ఆ అద్దాల కాలేజీ కావాలి. ఫీజు ఎంతో రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆవిడ గేటు ముందు ఎన్ని ఫొటోలు దిగిందంటే, చేరేది ఆవిడేననుకుని వాచ్‌మన్ లోపలికి దారి చూపించాడు. రాయమ్మా, ఆపకు, ఇది కూడా రాయి.

ఆ పెచ్చులూడిన మూడో కాలేజీలో సగం ఫీజు మనమే కట్టాలి, నిజమే. కానీ అక్కడ సీసాల్లో పురుగుల్ని దాచిన సైన్సు గదిలోకి వెళ్లినదానివి మళ్లీ బయటికి రాలేదు. మీ నాన్న పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఇంట్లో అందరూ నీ చదువు గురించే అరుచుకున్నారు, నిన్నొక్క మాట అడిగినవాళ్లు లేరు. ఫోన్ నువ్వే చెయ్యి తల్లీ. మేం వచ్చేలోపే చెయ్యి.

తాతయ్య

ఇది అమ్మ. తాతయ్య కళ్లకి ఏమీ కాలేదని నాకు తెలుసు, నన్ను ఇంట్లోంచి తీసుకెళ్లడానికే ఈ డాక్టరు. సగం ఫీజు గురించి నాన్నతో నేను మాట్లాడతాలే. మేం మెల్లగా వస్తాం.